అత్తగారిని ఓడ ఎక్కించేదెలా?

యాత్రా సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మాది కావలి. నేను, మావారు, మా తొమ్మిదేళ్ల బాబు, మూడేళ్ల పాప, మా అత్తమామలు కలిసి మొత్తం ఆరుగురం. చెన్నై నుంచి విశాఖపట్నం వైపు వెళ్లే పెద్ద ఓడలో ఒక చిన్న ప్రయాణం చేయాలని మావారి కోరిక. ట్రావెల్ ఏజెంటు రెండు రాత్రులు, మూడు రోజులని చెబుతున్నాడు. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. పైగా 1989 నాటి తుపానును కళ్లారా చూసిన మనిషి కావడంతో, సముద్రం మాట ఎత్తితేనే వద్దంటున్నారు. మాకెవరికీ ఓడ అనుభవం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీ అత్తగారి భయం నుంచే మొదలుపెట్టండి. 1989 నవంబరులో ఆ తుపాను తీరం దాటింది మీ కావలి దగ్గరే కాబట్టి, ఆ రాత్రిని చూసినవారికి సముద్రం మీద నమ్మకం లేకపోవడంలో వింత లేదు. ఆ భయాన్ని చాదస్తమని కొట్టివేయకుండా, ప్రయాణం ఏ నెలలో పెట్టుకోవాలో తేల్చుకోవడానికి వాడుకోవడం మంచిది. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టేది ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూను. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం బాగా పోటెత్తి ఉంటుంది కనుక, ముంబయి కేంద్రంగా తిరిగే ఓడను ఆ నెలల్లో చెన్నైకి తీసుకురావడం 2022 జూన్‌లో మొదలైంది. ఆ సంవత్సరం చెన్నై నుంచి బయలుదేరిన కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడను 1990లో నిర్మించారు. దాని పొడవు సుమారు 211 మీటర్లు, అంతస్తులు పదకొండు. ఏ నెలలో ఏ రేవు నుంచి బయలుదేరుతుందన్నది ఏటా మారుతుంది కాబట్టి, ఈ ఏటి పట్టికను చూసిన తరువాతే మీవారికి సెలవు పెట్టమని చెప్పండి. జూన్, జూలై నెలల్లో కూడా కెరటాలు ఉంటాయి, ఓడ కొంత ఊగుతుంది. అయితే తుపాను భయం మాత్రం నవంబరులో ఉన్నంతగా ఉండదు. వాతావరణం అనుకూలించనప్పుడు దారి మార్చడానికి, ఒక రేవును వదిలివేయడానికి ఓడవారికి హక్కు ఉంటుందని టికెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. దానిని ముందే చదివి అత్తగారికి వినిపించండి. ఓడ మొండిగా తుపానులోకి వెళ్లదన్న సంగతి ఆమెకు ధైర్యాన్నిస్తుంది.

ఇక ఏజెంటు మాట. రెండు రాత్రులు, మూడు రోజులు అని వినడానికి బాగానే ఉంటుంది కానీ, మొదటి రోజు మధ్యాహ్నం 3 గంటలకు ఎక్కి, మూడో రోజు ఉదయం 8 గంటలకు దిగితే మీ చేతిలో ఉండేది 41 గంటలు. చెన్నై నుంచి విశాఖకు సముద్రం మీద దాదాపు 600 కిలోమీటర్లు. ఓడ గంటకు 30 కిలోమీటర్లు నడుస్తుందని లెక్క వేసుకున్నా, పోవడానికి 20 గంటలు, రావడానికి 20 గంటలు పడతాయి. అంటే రెండు రాత్రుల్లో విశాఖ వెళ్లి, ఊరు చూసి, తిరిగి చెన్నైకి చేరడం కుదిరే పని కాదు. అందువల్ల ఆయన చెబుతున్నది విశాఖలో దింపివేసే ఒకవైపు ప్రయాణమైనా కావాలి, ఏ ఊరికీ పోకుండా సముద్రంలో తిరిగి వచ్చేదైనా కావాలి. ఏదో నేరుగా అడిగి, కాగితం మీద రాయించుకోండి. మొదటిసారి వెళ్లేవారికి రెండు రాత్రులు చాలునని చాలామంది చెబుతారు. నేను మాత్రం మూడు రాత్రులే మేలంటాను. ఎక్కిన పూట సామాన్లు, వరుసలు, గదులు వెతుక్కోవడంతో గడిచిపోతుంది. మర్నాటికి గానీ కడుపు కుదుటపడదు. అది కుదుటపడిన ఉదయమే దిగిపోవలసి వస్తే పెట్టిన డబ్బుకు న్యాయం జరగదు.

విశాఖలో ఓడ ఆగే ప్రయాణమైతే ఆ ఆగే గంటలను కూడా ఇలాగే లెక్క వేయండి. అక్కడ 2023 సెప్టెంబరులో ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది కాబట్టి ఓడ గట్టుకే వస్తుంది, పెద్దవాళ్లు మెట్ల నిచ్చెన దిగి చిన్న పడవలోకి మారవలసిన పని లేదు. (లక్షద్వీప్ వంటి చోట్ల పెద్ద ఓడ దూరంగా లంగరు వేస్తుంది, ఊగే చిన్న పడవలోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారితో తొలి ప్రయాణానికి అటువంటివి వద్దు.) వీధిలో ఎవరో ఒకరు ‘విశాఖ దాకా వెళ్లి అరకు చూడకుండా వస్తారా’ అనే అంటారు. అరకు విశాఖకు వంద కిలోమీటర్లకు పైగా దూరం, అదీ ఘాట్ రోడ్డు. సింహాచలం దగ్గరే గానీ దర్శనం వరుస ఎంతసేపు పడుతుందో దేవుడికే తెలియాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. బీచి రోడ్డు, అక్కడి జలాంతర్గామి మ్యూజియం, తీరిక ఉంటే కైలాసగిరి, అంతటితో ఆపండి. మీ అత్తగారు దిగనంటే బలవంతం చేయవద్దు. అందరూ ఊరిలోకి వెళ్లినప్పుడు ఖాళీ అయిన ఓడలో కుర్చీ వేసుకుని కూర్చోవడం కూడా ఒక సుఖమే.

గదుల విషయంలో డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో చెబుతాను. చార్జీ సాధారణంగా గదికి ఇద్దరి చొప్పున చెబుతారు, అదే గదిలో మూడో, నాలుగో మనిషికి తగ్గిస్తారు. కాబట్టి మీ నలుగురికి ఒకటి, పెద్దలకు ఒకటి, రెండు గదులు చాలు. పెద్దలకు కిటికీ ఉన్న గది, ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో, లిఫ్టుకు దగ్గరగా ఉండేటట్లు అడగండి. ఓడ ముందు కొస, వెనుక కొస ఎక్కువగా లేచి పడతాయి, నడుమ కదలిక తక్కువ. మీరు లోపలి గది తీసుకున్నా నష్టం లేదు. అయితే అక్కడ దీపం ఆర్పితే పగలు కూడా కటిక చీకటి కనుక పాప కోసం చిన్న టార్చిలైటు దగ్గర ఉంచుకోండి. మూడేళ్ల పాప ఉండగా బాల్కనీ గదికి అదనంగా చెల్లించి, మూడు రోజులూ ఆ తలుపుకు కాపలా కాయడం నాకు తెలివైన పనిగా తోచదు. ఇంకొక్క మాట: మీ గదికి పైనా కిందా కూడా గదులే ఉండేలా నక్షా చూసి ఎంచుకోండి. పాటల హాలు పైన గది దొరికితే మీ మామగారు అర్ధరాత్రి దాకా తాళం వేస్తూ కూర్చోవలసిందే.

కడుపు తిప్పడం గురించి మీరు అడగలేదు కానీ, అసలు ప్రశ్న అదే. మీరు అత్తగారి గురించి బెంగ పడుతున్నారు; నిజానికి ఈ ఇబ్బంది రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు ఉన్న పిల్లల్లో ఎక్కువ, వయసు మళ్లినవారిలో తక్కువ. అందువల్ల కనిపెట్టి ఉండవలసింది మీ అబ్బాయిని, పాపను. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతూ ఉంటే కళ్లు కదలడం లేదని చెప్పడం వల్ల వచ్చే తికమక ఇది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ దగ్గర సీటు ఎవరికి ఇవ్వవలసి వస్తుందో గుర్తు చేసుకోండి, ఓడలోనూ వారికే రావచ్చు. పులికాట్‌లో పడవ ఎక్కినప్పుడు ఏమీ కాలేదు కదా అని ధీమా పడవద్దు, ఆ సరస్సు నీళ్లు వేరు, నడిసముద్రం వేరు. మాత్ర వాంతి మొదలైన తరువాత వేసుకుంటే ప్రయోజనం తక్కువ. ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది పిల్లలకు పిల్లల డాక్టరును, అత్తగారికి బీపీ చూసే డాక్టరును అడగండి. ఖాళీ కడుపుతో ఉంచవద్దు. తల తిరిగినవారిని గదిలో పడుకోబెట్టి ఫోను చూడనివ్వకుండా, పైకి తీసుకువచ్చి నీరు ఆకాశాన్ని తాకే గీతను చూడమనండి.

చెన్నైకి ముందు రోజే చేరుకోండి. ఉదయం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగి నేరుగా హార్బరుకు పోదామనే ఆలోచన కాగితం మీద కుదురుతుంది. కానీ ఓడ బయలుదేరే వేళకు చాలా ముందే చెక్-ఇన్ మూసివేస్తారు, రైలు గూడూరులో గంట నిలిచిపోతే మీ సెలవంతా అక్కడే ఆగిపోతుంది. పెద్ద పెట్టెలను రేవులోనే తీసుకుని తరువాత గదికి చేరుస్తారు. నా మొదటి ప్రయాణంలో మా అమ్మగారి మాత్రలు పెట్టెలో పెట్టి అప్పగించాను. అది గదికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది, ఆ నాలుగు గంటలూ ఆమె నాతో మాట్లాడలేదు. మందులు, గుర్తింపు కార్డులు, పాప బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఎక్కిన రోజునే అందరినీ ఒకచోట చేర్చి, ప్రమాదం వస్తే ఎక్కడికి రావాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఓడ ప్రమాదంలో 32 మంది చనిపోయారు. ఆ రోజు కొత్తగా ఎక్కినవారికి అప్పటికి ఈ శిక్షణ ఇవ్వలేదు. తరువాత నిబంధన మార్చి, 2015 నుంచి ఓడ బయలుదేరే ముందే గానీ, బయలుదేరిన వెంటనే గానీ దీనిని జరపాలన్నారు. అత్తగారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. అంత పకడ్బందీగా చెప్పడం చూస్తే ఆమె భయం పెరుగుతుందని అనుకుంటారేమో, నేను చూసినంతలో తగ్గుతుంది.

చివరగా ఖర్చు. ఏజెంటు ‘అన్నీ కలిపే’ అంటే జీఎస్టీ, రేవు రుసుము, సిబ్బంది టిప్పు కూడా కలిశాయా అని అడగండి. మామూలు భోజనం, ఈత కొలను, ఆటపాటలు టికెట్టులోనే ఉంటాయి; మద్యం, స్పా, ఇంటర్నెట్, ఊరు చూపించే బస్సు విడిగా చెల్లించాలి. తీరం దాటగానే ఫోన్లను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్కుకు వాటంతట అవే తగులుకుని, ఇంటికి వచ్చాక బిల్లు రూపంలో పలకరిస్తాయి.

ప్రశ్న: చెన్నై నుంచి శ్రీలంక వెళ్లే ఓడ ఉంటే ఎక్కాలని ఉంది. మా చంటిబిడ్డకు కూడా పాస్‌పోర్టు కావాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: కావాలి. దేశం దాటే ఓడలో చంటిబిడ్డకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాలి, శ్రీలంక అనుమతి కూడా ముందుగా తీసుకోవాలి. మన రేవుల మధ్యే తిరిగే ఓడకు గుర్తింపు కార్డులు చాలు. ఇక్కడ మనవాళ్లకు వచ్చే చిక్కు ఇంటిపేరుతో: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, టికెట్టులో ఒక్క అక్షరమే ఉంటే రేవులో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. కార్డులో ఉన్నది ఉన్నట్లుగానే టికెట్టులో రాయించండి. బిడ్డకు ఆరు నెలలు నిండకపోతే చాలా ఓడలు ఎక్కించుకోవు, అది కూడా చూసుకోండి.

ప్రశ్న: మేము బయటి తిండి తినలేము. ఆవకాయ, కందిపొడి, చిన్న కరెంటు కుక్కరు తీసుకుపోవచ్చా?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

సమాధానం: కుక్కరు, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే కెటిల్ వంటివి ఏ ఓడలోనూ గదిలోకి రానివ్వరు, నడిసముద్రంలో నిప్పు కన్నా పెద్ద భయం లేదు. ఇంట్లో వండిన పదార్థాలను కూడా చాలా ఓడల్లో రేవు దగ్గరే ఆపివేస్తారు. మన దేశంలో తిరిగే ఓడలో శాకాహారం, ఉల్లి వెల్లుల్లి లేని జైన భోజనం దొరుకుతాయి, బుక్ చేసేటప్పుడే చెప్పి రాయించుకోండి. కంపెనీ సీలు వేసిన పొడి ప్యాకెట్టు గురించి మాత్రం ముందుగా అడిగి చూడండి. ఆవకాయ జాడీని ఇంట్లోనే ఉంచి వెళ్లండి, తిరిగి వచ్చిన రోజు వేడి అన్నంలోకి పనికివస్తుంది.