ఒకే రకం యంత్రాలు, తూకంలో అంత తేడా ఎందుకు?

ప్రశ్న: డిస్కవరీ చానల్లో బంగారం తవ్వే జట్ల కార్యక్రమం గోల్డ్ రష్ మా ఇంటిల్లిపాదీ చూస్తాం. పార్కర్ ష్నాబెల్ జట్టుకీ, టోనీ బీట్స్ జట్టుకీ ప్రాంతం ఒకటే, యంత్రాలూ ఇంచుమించు ఒకటే. అయినా బంగారం తూచేసరికి అంత తేడా ఎందుకొస్తోంది? మన కళింగపట్నం తీరంలో మెరిసే నల్ల ఇసుకలోనూ బంగారం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: మీరు బియ్యం గాలించే గిన్నెలోనే సగం జవాబుంది. గిన్నె ఊపుతూ వంచితే బియ్యం నీళ్లతో జారిపోతాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి. మనకు జారినవి కావాలి, వాళ్లకు అడుగున మిగిలింది కావాలి. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు. మామూలు ఇసుక రెండున్నర రెట్లకు కాస్త పైన, అంతే.

తేడా తవ్వకంలో కన్నా కడగడంలోనే ఎక్కువ వస్తుంది. ట్రామెల్ అనే తిరిగే జల్లెడ డ్రమ్ము పెద్ద రాళ్లను బయటికి తోసేస్తుంది. సన్న కంకర స్లూయిస్ అనే ఏటవాలు తొట్టిలోకి దిగుతుంది. దాని వాలు సాధారణంగా అడుగుకి అంగుళం, అంగుళంన్నర. అడుగున ఇనుప అడ్డపట్టీలు, వాటి కింద పీచు చాపలు. నీళ్లు తగ్గితే పట్టీల మధ్య ఇసుక గట్టిపడిపోయి, బంగారం దానిమీంచే జారిపోతుంది. ఎక్కువైతే సన్న బంగారం కొట్టుకుపోతుంది. అన్నిటికన్నా చెడ్డది బంకమట్టి. సరిగా కరగని ఉండ తొట్టిలో దొర్లుతూ రేణువులను అంటించుకుని చెత్తగుట్టలోకి పోతుంది. అందుకే తెలిసినవాళ్లు చివరి చాపను విడిగా కడిగి చూస్తారు. అందులో బంగారం కనబడిందంటే బయటికీ పోతున్నట్టే.

ఇక ఆగకుండా నడపడం. ఉదాహరణకి ఘనమీటరు కంకరలో అర గ్రాము ఉందనుకోండి. గంటకు 100 ఘనమీటర్లు కడిగితే 50 గ్రాములు. ఒక బేరింగు పోయి పది గంటలు ఆగితే అర కిలో తగ్గింది. నేలలోని బంగారం ఎక్కడికీ పోదు, కానీ చలికి నీళ్లు గడ్డకడితే ఆ ఏటికి పని బందు.

నేల సిద్ధం చేయడమూ అంతే ముఖ్యం. వాళ్లు తవ్వే యూకాన్‌లో (కెనడా) పైమట్టి మంచుతో బిగుసుకుని ఉంటుంది. ఒక పొర గీకి, ఎండకు కరగనిచ్చి, మళ్లీ గీకాలి. ఈ పని ముందు నుంచీ చేసుకోని జట్టుకు సీజను మధ్యలో కడగడానికి కంకరే ఉండదు. కంకర కింది రాతిని కూడా అడుగు మేర గీకాలి, పగుళ్లలోకి దిగిన బంగారం అక్కడే ఉంటుంది.

తూకం మొత్తం లాభమూ కాదు. వాళ్లు బంగారం తూచే ఔన్సు 31.1 గ్రాములే అయినా అది వెండి కలిసిన ముడి బంగారం. పార్కర్ యూకాన్‌లోని క్లోండైక్‌కు వచ్చిన కొత్తలో తవ్విన స్క్రిబ్నర్ క్రీక్ నేల టోనీదే, తీసిన దాంట్లో అతనికి వాటా ఇవ్వాలి. డీజిలు ఖర్చు వేరు.

కళింగపట్నం ఇసుకది ఇదే సూత్రం. అల వెనక్కి పోతూ తెల్ల ఇసుకను లాక్కుపోతే, ఇల్మెనైటు అనే బరువైన ఖనిజం నల్లచారలుగా మిగులుతుంది. ఎర్రగా కనిపించేది గార్నెట్ అనే మరో ఖనిజం. పసుప్పచ్చగా తళుక్కుమనే రేకులు దాదాపు ఎప్పుడూ అభ్రకమే. రేకును సూదితో నొక్కి చూడండి. అభ్రకం పొరలు పొరలుగా విడిపోతుంది, బంగారమైతే సొట్టపడుతుంది. ఆ ఇసుకను మాత్రం ఇంటికి మోసుకెళ్లకండి. అందులో రేడియోధార్మిక థోరియం ఉన్న మోనజైటు అనే ఖనిజం కూడా ఉంటుంది.