తోట పేరు పట్టుకోండి, ఇంటిపేరు కాదు

ప్రశ్న: చరిత్ర విభాగంలో పరిశోధన చేస్తున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి జమైకా వెళ్లి చెరకు తోటలు సంపాదించిన ఒక క్యాంప్‌బెల్ కుటుంబం చరిత్ర రాయాలని ఉంది. ఆ ఇంటిపేరుతో వెతికితే వందలమంది తేలుతున్నారు. ఎవరు ఎవరికి ఏమవుతారో అంతు చిక్కడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ఇంటిపేరుతో మొదలుపెట్టడంలోనే చిక్కు ఉంది. 1707లో ఇంగ్లండ్‌తో ఏకమైన తరవాత ఇంగ్లిష్ వలసల్లో వ్యాపారం చేసుకునే హక్కు స్కాట్లకు వచ్చింది. 1774లో జమైకా చరిత్ర రాసిన ఎడ్వర్డ్ లాంగ్ అక్కడి తెల్లవారిలో దాదాపు మూడోవంతు మంది స్కాట్లో, వారి సంతతివారో అని అంచనా వేశాడు. పడమటి స్కాట్లండ్‌లోని ఆర్గైల్ నుంచి వచ్చిన క్యాంప్‌బెల్‌లే ద్వీపం పడమటి పారిష్‌లలో (చర్చి పరిధిని బట్టి ఏర్పడ్డ పాలనా విభాగాల్లో) కొల్లలుగా ఉండేవారు. వీరికి తోడు, బానిసత్వం నుంచి విడుదలైనవారిలో చాలామంది తోట యజమాని పేరునో, తమకు తెలిసిన మరొకరి పేరునో ఇంటిపేరుగా పెట్టుకున్నారు కాబట్టి, జమైకాలో ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. మరోవైపు స్కాట్లండ్‌లో ఆస్తి కలిసి వస్తుందంటే ఇంటిపేరు మార్చుకోవడం మామూలే గనక, ఒక తండ్రి బిడ్డలకే రెండు ఇంటిపేర్లు ఉండవచ్చు.

అందుచేత తోట పేరు, అది ఏ పారిష్‌లో ఉందో ముందు తెలుసుకోండి. మనుషులు పుట్టి, పేరు మార్చుకుని, ఓడెక్కి వెళ్లిపోతారు. తోట మాత్రం కదలదు, అది తాకట్టు పడినప్పుడల్లా, చేతులు మారినప్పుడల్లా ఒక కాగితం పుడుతుంది. ఆ కాగితాలను చివరిదానితో మొదలుపెట్టి పాతవాటి వైపు చదువుకుంటూ వెళ్లడం సులువు. 1833 చట్టం బానిసత్వాన్ని రద్దు చేస్తూ, బానిసలకు కాక వారి యజమానులకు 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం కేటాయించింది. ఆ దావాలన్నీ లండన్ యూనివర్సిటీ కాలేజీవారు బానిసత్వ వారసత్వంపై నిర్వహిస్తున్న డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక తోట మీద దావా వేసినవాడు యజమాని ఒక్కడే అనుకోకండి: అప్పిచ్చిన గ్లాస్గో వర్తకుడు, భర్త వీలునామా ప్రకారం ఏడాదికింతని భరణం రావలసిన వితంతువు, ఎడిన్‌బరాలో ఉన్న పెళ్లికాని చెల్లెలు, మైనర్ పిల్లల తరఫున ధర్మకర్తలు, ఇలా నలుగురైదుగురు ఒకే తోట దగ్గర చేరతారు. వంశవృక్షంలో సగం కొమ్మలు ఆ తగాదాలోనే బయటపడతాయి.

అక్కడి నుంచి స్కాట్లండ్‌కు రండి. 1855 జనవరి 1న జనన మరణాల నమోదు తప్పనిసరి అయింది. అంతకుముందు కాలానికి పారిష్ చర్చిల పుస్తకాలే ఆధారం. స్కాట్లండ్స్ పీపుల్ వెబ్‌సైట్‌లో ఈ రెండూ, 1513 నుంచి వీలునామాలూ ఉన్నాయి. అక్కడి పుస్తకాల్లో తల్లిని సాధారణంగా పుట్టింటి పేరుతోనే రాయడం మనకు కలిసొచ్చే విషయం. అయితే స్కాట్ చట్టం ప్రకారం 1868 దాకా భూమిని వీలునామా ద్వారా ఇవ్వడం కుదరదు. వీలునామాలో ఇల్లూ పొలమూ కనబడలేదని ఆయనకు ఆస్తి లేదనుకుంటే పొరపాటు. దానికి వారసత్వ నిర్ధారణ రికార్డులు, 1617 నుంచి నడుస్తున్న సేసిన్ల రిజిస్టరు (భూమి చేతులు మారిన పత్రాల నమోదు పుస్తకం) విడిగా చూడాలి. జమైకా తోటకు మాత్రం ఇంగ్లిష్ చట్టమే వర్తించేది కనుక దాని వీలునామా జమైకా పాత రాజధాని స్పానిష్ టౌన్‌లోనో, ఇంగ్లండ్‌లోనూ ఆస్తి ఉంటే 1858కి ముందు కాంటర్‌బరీ చర్చి కోర్టులోనో దొరకవచ్చు.

ప్రశ్న: ఉత్తరాల్లో మా పరిశోధక మిత్రురాలికి దొరికిన ఒక స్కాట్ పెద్దమనిషిని ‘అటార్నీ’ అన్నారు, అతని తమ్ముణ్ణి ‘బుక్‌కీపర్’ అన్నారు. ఒకరు లాయరు, మరొకరు గుమాస్తా అనుకోవచ్చా? ఇద్దరి లెక్కలూ తేదీలూ కూడా పొసగడం లేదు.

జవాబు: రెండూ కాదు. జమైకాలో అటార్నీ అంటే బ్రిటన్‌లో ఉండే యజమాని తరఫున తోట వ్యవహారాలు చూసే ప్రతినిధి. అతని కింద ఓవర్సీయరు, అందరికంటే కింద బుక్‌కీపరు. ఈ చివరివాడు లెక్కలు రాసేది తక్కువ, పొలంలోనూ బట్టీ దగ్గరా బానిసల మీద కాపలా కాసేది ఎక్కువ. కవి రాబర్ట్ బర్న్స్ 1786లో జమైకా వెళ్లబోయింది ఈ ఉద్యోగానికే; కిల్మార్నాక్‌లో అచ్చయిన కవితలకు పేరు రావడంతో ఆగిపోయాడు. కాబట్టి జమైకాలో ఉన్న ప్రతి స్కాట్‌నూ తోట యజమానిగా లెక్క కట్టకండి.

లెక్కల సంగతి: జమైకా కరెన్సీలో 140 పౌండ్లు బ్రిటిష్ స్టెర్లింగ్‌లో 100తో సమానం. తేదీల సంగతి: స్కాట్లండ్ 1600 నుంచే కొత్త సంవత్సరాన్ని జనవరి 1న మొదలుపెట్టగా, ఇంగ్లండ్, దాని వలసలు 1752 దాకా మార్చి 25న మొదలుపెట్టేవి. 1740 ఫిబ్రవరి అని జమైకాలో రాసినది స్కాట్లండ్ లెక్కలో 1741 ఫిబ్రవరి కావచ్చు.

ప్రశ్న: తోట యజమానులకు బానిస స్త్రీల వల్ల కలిగిన పిల్లలను కుటుంబ చరిత్రలో చేర్చాలా? వారి ఆనవాళ్లు దొరుకుతాయా?

జవాబు: చేర్చకపోతే అది కుటుంబ చరిత్ర కాదు, ఆస్తి చరిత్ర మాత్రమే. జమైకాలో 1817లో మొదలై 1832 దాకా మూడేళ్లకోసారి రాసిన బానిసల రిజిస్టర్లు లండన్ శివార్లలోని క్యూ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒక పుట తెరిస్తే పేరు, రంగు, వయసు, ఆఫ్రికాలో పుట్టారా వలసలోనే పుట్టారా అన్న గడులు, చివర రిమార్కుల గడి ఉంటాయి. చాలా చోట్ల తల్లి పేరు ఆ చివరి గడిలోనే ఉంటుంది; తండ్రికి గడి అంటూ లేదు. రంగు గడిలో ‘ములాటో’ అన్న మాట కనబడితే తెల్ల తండ్రి ఉన్నాడని మాత్రం తెలుస్తుంది. అతనెవరో తెలియాలంటే బాప్తిస్మం పుస్తకాలు, విముక్తి పత్రాలు, ‘ఫలానా స్త్రీ బిడ్డకు’ అని పేరు దాటవేస్తూ ఇంత ఇమ్మన్న వీలునామాలు ఓపికగా చదవాలి.

రాబర్ట్ వెడర్‌బర్న్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. తండ్రి జేమ్స్ వెడర్‌బర్న్, జమైకాలో ధనవంతుడైన స్కాట్. తల్లి రోజానా, అతని బానిస. పెద్దయ్యాక రాబర్ట్ ఎడిన్‌బరా దగ్గర ఇన్వెరెస్క్‌లో ఉన్న తండ్రి ఇంటికి వెళితే తండ్రి గెంటివేశాడనీ, వంటమనిషి కాస్త బీరూ, నౌకరు ఒక విరిగిన ఆరు పెన్నీల నాణెమూ ఇచ్చారనీ తానే 1824లో రాసుకున్నాడు. ఈ బంధుత్వాన్ని పత్రికాముఖంగా కాదన్న సవతి తమ్ముడి పేరు ఆండ్రూ కోల్విల్. ఆస్తి కోసం వెడర్‌బర్న్ అన్న ఇంటిపేరును వదులుకున్నవాడు ఆండ్రూ. ఆ పేరును చివరిదాకా మోసినవాడు రాబర్ట్.