సీటు వచ్చింది సరే, నాలుగేళ్ల లెక్క వేశారా?

ప్రశ్న: మా అమ్మాయికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి బాగా పేరున్న ప్రైవేటు కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్. ఫీజుకి అప్పు చేయాలి. రెండోది అంతగా పేరు లేని ప్రభుత్వ కాలేజీలో స్టాటిస్టిక్స్, అదీ నాలుగేళ్ల కోర్సే. అమ్మాయికి మొదటినుంచీ స్టాటిస్టిక్స్ అంటే ఇష్టం, ఆ ఫీజు మేం కట్టుకోగలం. "చేరాక బ్రాంచి మార్పించుకోవచ్చు, అంత మంచి కాలేజీ వదులుకోవద్దు" అని బంధువులంతా అంటున్నారు. అమ్మాయి ఏమీ మాట్లాడటం లేదు. వారంలో ఫీజు కట్టాలి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది "అమ్మాయి ఏమీ మాట్లాడటం లేదు" అన్న మాట. అప్పు చేసైనా చదివిస్తామని అమ్మానాన్నలు అంటుంటే, వద్దు అనడానికి పిల్లలకు నోరు రాదు. బంధువులెవరూ లేనప్పుడు తనని పక్కన కూర్చోబెట్టుకోండి. "ఏ కాలేజీ కావాలి?" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే మీకు నచ్చే జవాబే చెబుతుంది. రెండు కోర్సుల సిలబస్‌లూ ముందు పెట్టి, రెండో ఏడాది, మూడో ఏడాది సబ్జెక్టులు చూడమనండి. అటు థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, మెషీన్ డిజైన్ ఉంటాయి. ఇటు ప్రాబబిలిటీ, శాంప్లింగ్, రిగ్రెషన్ ఉంటాయి. వీటిలో ఏవి చదవాలనిపిస్తోందో, వేటిని చూస్తే గుండె జారుతోందో తననే చెప్పనివ్వండి.

బ్రాంచి మార్పు మీద ఆశ పెట్టుకుని చేరడం నాకు ఇష్టం లేదు. సాధారణంగా కోరుకున్న బ్రాంచిలో ఖాళీలుండాలి, మొదటి ఏడాది మార్కుల్లో ముందు వరసలో నిలవాలి. ఇష్టం లేని సబ్జెక్టుల్లో అందరికంటే ముందుండమని పిల్లని అడగడం న్యాయమేనా? పైగా అదే కాలేజీలో స్టాటిస్టిక్స్ అసలు ఉందో లేదో కూడా మీరు రాయలేదు.

పేరున్న కాలేజీకి విలువ లేదని అనను. కంపెనీలు ఎక్కువగా వస్తాయి, తోటి పిల్లలు చురుగ్గా ఉంటారు. కానీ బ్రోషర్‌లో "90 శాతం ప్లేస్‌మెంట్లు" అని కనిపిస్తే, ఎంతమందిలో 90 శాతం అని అడగండి. బ్రాంచిలో 100 మంది ఉండి, ప్లేస్‌మెంట్లకి 40 మందినే అర్హులుగా లెక్కేసి, వాళ్లలో 36 మందికి ఉద్యోగాలొస్తే అది కూడా 90 శాతమే! మిగిలిన 60 మంది ఆ లెక్కలోనే లేరు. జీతాల సంగతీ అంతే. పదిమందిలో తొమ్మిది మందికి తలా 4 లక్షలు, ఒకరికి 44 లక్షలు వస్తే సగటు 8 లక్షలు అవుతుంది. ఆ 8 లక్షలు తీసుకుంటున్నవాళ్లు ఒక్కరూ ఉండరు. అందుకే మెకానికల్‌లో మధ్యస్థ జీతం (మీడియన్), అంటే జీతాలన్నీ తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది ఎంతో అడగండి. కాలేజీ మొత్తానిది చెబితే ఒప్పుకోవద్దు, మీ అమ్మాయి చేరేది ఒక్క బ్రాంచిలోనే కదా.

అప్పు సంగతికొస్తే, మొదటి ఏడాది ఫీజు ఒక్కటే చూసి నిర్ణయించకండి. హాస్టల్, పరీక్ష ఫీజులు, ఏటా ఫీజు పెరిగే అవకాశం అన్నీ కలిపి నాలుగేళ్లకీ లెక్క వేయండి. చదువు అయ్యాక కట్టొచ్చు అన్నంత మాత్రాన అప్పటిదాకా వడ్డీ ఆగుతుందని అనుకోవద్దు. ఏడాదికి 10 శాతం వడ్డీ ఏటా అసలులో కలుస్తూ పోతే, ఈ రోజు తీసుకున్న 100 నాలుగేళ్లకి 146 దాటుతుంది. ఆ మొత్తానికి నెలవారీ వాయిదా ఎంత పడుతుందో బ్యాంకులో అడిగి, ఇందాకటి మధ్యస్థ జీతం పక్కన పెట్టి చూడండి. జీతంలో మూడో వంతు వాయిదాకే పోయేలా ఉంటే ఆ అప్పు మీ అమ్మాయికి బరువే.

నాకైతే రెండో కాలేజీయే సరైనదనిపిస్తోంది. కానీ ఫీజు తక్కువ, సబ్జెక్టు ఇష్టం అని కళ్లు మూసుకుని చేరిపోవద్దు. అమ్మాయిని తీసుకుని పని రోజున అక్కడికి వెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చుంటే ఏమీ తెలియదు, మూడో ఏడాది పిల్లలతో మాట్లాడండి. ఒకరి ల్యాబ్ రికార్డు తీసి తేదీలు చూడండి. వారం వారం వరసగా ఉన్నాయా, లేక పరీక్షల ముందు రెండు రోజుల్లో ఒకే పెన్నుతో మొత్తం రాసేసినట్టుందా? కిందటి వారం ఎన్ని క్లాసులు జరిగాయి, కంప్యూటర్ ల్యాబ్‌లో స్టాటిస్టిక్స్ లెక్కలకి వాడే ఆర్ (R) లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్పుతున్నారా, పాత సీనియర్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు అనేవి కూడా అడగండి. క్లాసులే సరిగా జరగడం లేదని తేలితే నా సలహా మారుతుంది. అప్పుడు ఇదే కోర్సున్న ఇంకో కాలేజీలో సీటు కోసం చూడమంటాను.

ఎక్కడ చేరినా, ఫీజు కట్టే ముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి. మధ్యలో మానేస్తే ఏ తేదీలోపు ఎంత వెనక్కి ఇస్తారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంచుకుంటారా, చూసి వెంటనే ఇచ్చేస్తారా. వారం గడువుందని టెన్షన్ పడకండి, ఈ పనులన్నిటికీ మూడు రోజులు చాలు.