వీఏ డబ్బు ఆలస్యమైతే కాలేజీ మా అబ్బాయి మీద లేట్ ఫీజు వేయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లె. చాలా ఏళ్ళుగా డాలస్ పక్కన ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే టెక్సస్‌లో, గ్రీన్ కార్డు మీద ఉండగానే అమెరికా ఆర్మీలో చేరాడు. నాలుగేళ్ళు పనిచేసి, సిటిజన్ అయి, మంచి రికార్డుతో బయటికి వచ్చాడు. ఆగస్టులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్‌లో చేరాడు. ఈ సెమిస్టర్ ట్యూషన్ 13,800 డాలర్లు. మాజీ సైనికుల చదువు ఖర్చు భరించే ప్రభుత్వ పథకం జీఐ బిల్ మొత్తం కడుతుందన్నారు. అక్టోబర్ వచ్చినా వీఏ, అంటే మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, నుంచి డబ్బు రాలేదని కాలేజీ వాళ్ళు 250 డాలర్ల లేట్ ఫీజు వేసి, జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌కు రిజిస్టర్ కాకుండా హోల్డ్ పెట్టి ఆపారు. "ముందు మీరు కట్టండి, లేదా లోన్ తీసుకోండి. వీఏ డబ్బు వచ్చాక తిరిగి ఇస్తాం" అంటున్నారు. పరువు పోతుందని నా కార్డు మీద 5,000 కట్టాను. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వాళ్ళు చేసింది న్యాయమేనా? ఒక కోర్సు కష్టంగా ఉందని వాడు డ్రాప్ చేస్తానంటున్నాడు, చేయవచ్చా? వాడికి మిగిలిన నెలలు మా అమ్మాయి చదువుకు మార్చుకోవచ్చా?

జవాబు: ముందుగా ఒక్క మాట. మిగిలిన 8,800 కోసం మళ్ళీ కార్డు తీయకండి, లోన్ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇందులో మీ పరువుకు వచ్చిన నష్టమేమీ లేదు. ఆ ఫీజు మీ అబ్బాయి నాలుగేళ్ళ కష్టానికి ప్రభుత్వం బాకీ ఉన్న డబ్బు. అది ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని విద్యార్థి నెత్తిన రుద్దకూడదని చట్టమే చెబుతోంది.

ఆ చట్టం 2018 డిసెంబర్ చివరి రోజున వచ్చింది, 2019 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా చట్టాల్లో 38వ టైటిల్, 3679వ సెక్షన్, (ఇ) సబ్‌సెక్షన్. ఈ నంబరు రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మీ అబ్బాయి వాడుతున్న పోస్ట్ 9/11 జీఐ బిల్‌కు ఇది వర్తిస్తుంది. వీఏ నుంచి డబ్బు రావడం ఆలస్యమైందని కాలేజీ ఏ రకమైన పెనాల్టీ వేయకూడదు, లేట్ ఫీజు వేయకూడదు, క్లాసులకు గానీ లైబ్రరీకి గానీ రానివ్వకుండా ఆపకూడదు, అదనంగా అప్పు తెచ్చుకోమని షరతు పెట్టకూడదు. మీకు వాళ్ళు చెప్పింది దాదాపు ఈ నిషేధాల జాబితానే.

రిజిస్ట్రేషన్ హోల్డ్ అనే మాట చట్టంలో ఉన్నది ఉన్నట్టుగా లేదు. "హోల్డ్ వేరు, క్లాసుకు రానివ్వకపోవడం వేరు" అని కాలేజీ వాదించవచ్చు. ఆ వాదన నిలబడదని నా అభిప్రాయం. చట్టం "ఏ పెనాల్టీ అయినా" అని చెప్పి, ఆ తర్వాత కొన్నింటిని ఉదాహరణగా చూపించింది. జనవరి క్లాసుల్లో సీటు దొరక్కుండా చేయడం పెనాల్టీ కాక మరేమిటి?

అయితే ఈ రక్షణ దానంతట అది మొదలు కాదు. మీ అబ్బాయి తన సర్టిఫికేట్ ఆఫ్ ఎలిజిబిలిటీని కాలేజీకి ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. జీఐ బిల్‌కు అప్లై చేశాక వీఏ పంపే ఉత్తరం అది. ఎన్ని నెలలు, ఎన్ని రోజుల చదువు మిగిలి ఉంది, ఎంత శాతం వస్తుంది అని అందులో ఉంటుంది. మూడేళ్ళు పూర్తిగా డ్యూటీ చేసినవాళ్ళకు నూరు శాతం, సాధారణంగా 36 నెలలు. మీ వాడికి నూరు శాతమే ఉండాలి. ఆ ఉత్తరాన్ని క్లాసులు మొదలైన రోజుకల్లా ఇవ్వాలని, జీఐ బిల్ వాడుకుంటానని రాతపూర్వకంగా అడగాలని కాలేజీ రూలు పెట్టుకోవచ్చు. కాబట్టి మీ అబ్బాయిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆ ఉత్తరం ఎవరికి ఇచ్చాడు, ఏ తేదీన ఇచ్చాడు? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది "చేతికిచ్చానండీ" అంటారు. చేతికిచ్చినదానికి తేదీ ఉండదు. ఈమెయిల్‌లో పంపి ఉంటే అది వెతికి తీయమనండి. లేకపోతే ఈ రోజే మళ్ళీ పంపమనండి.

ఇక ఆలస్యం ఎక్కడ జరుగుతుందో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. ప్రతి కాలేజీలో స్కూల్ సర్టిఫయింగ్ అఫీషియల్ అని ఒకరుంటారు. ఎక్కువ చోట్ల వెటరన్స్ ఆఫీసులోనో రిజిస్ట్రార్ ఆఫీసులోనో కూర్చుంటారు. మీ అబ్బాయి ఎన్ని క్రెడిట్లు చదువుతున్నాడు, ట్యూషన్ ఎంత అని వీఏకు ఆన్‌లైన్‌లో తెలియజేయడం వాళ్ళ పని. వాళ్ళు పంపనిదే వీఏ ఒక్క డాలరు కూడా కాలేజీకి పంపదు. చాలా కాలేజీలు దీన్ని రెండు సార్లు చేస్తాయి. సెమిస్టర్ ముందు ట్యూషన్ సున్నా అని వేసి క్రెడిట్లు మాత్రం పంపుతాయి, విద్యార్థికి నెలనెలా వసతి భత్యం ఆగకుండా రావాలని. కోర్సులు మార్చుకునే గడువు అయిపోయాక అసలు ట్యూషన్ అంకె వేసి మళ్ళీ పంపుతాయి. ఈ రెండోది ఏ సెప్టెంబర్ చివరకో వెళ్ళిందనుకోండి, అక్టోబర్‌లో డబ్బు రాకపోవడం వింతేమీ కాదు.

చట్టం ఇచ్చిన రక్షణ వీఏ డబ్బు చేరేవరకు ఉంటుంది. లేదా ఉత్తరం అందాక కాలేజీ ట్యూషన్ అంకెను వీఏకు పంపిన రోజు నుంచి 90 రోజుల వరకు ఉంటుంది. ఈ రెండింట్లో ఏది ముందైతే అది. అంటే కాలేజీ సర్టిఫికేషన్ పంపకుండా నానబెడితే ఆ 90 రోజుల లెక్క మొదలే కాదు. వాళ్ళ ఆలస్యం వాళ్ళకే తగులుతుంది. మీ విషయంలో సెమిస్టర్ మొదలై రెండు నెలలు కూడా నిండలేదు కాబట్టి, ఉత్తరం సకాలంలో ఇచ్చి ఉంటే ఆ 250 వేయడం తప్పే.

కాలేజీ అడగగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి కూడా చెబుతాను. వీఏ భరించని భాగాన్ని వాళ్ళు వెంటనే అడగవచ్చు. ప్రైవేటు యూనివర్సిటీలకు ఏడాదికి ఒక పరిమితి ఉంటుంది, 2025-26లో అది 29,920 డాలర్ల 95 సెంట్లు. మీది రెండు సెమిస్టర్లకు 27,600, కాబట్టి ఆ లోపే ఉంది. హాస్టల్ గది, మీల్ ప్లాన్, పార్కింగ్ మాత్రం ట్యూషన్ కింద రావు. వాటికోసమే హోల్డ్ పడితే ఈ సెక్షన్ మిమ్మల్ని కాపాడదు. అకౌంట్ పేజీలో మొత్తం బాకీని మాత్రమే చూడకుండా, కింద లైన్ లైన్‌గా ఏది దేనికో చూడండి.

ఇప్పుడు చేయాల్సింది. మీ అబ్బాయే, తన కాలేజీ ఈమెయిల్ నుంచి, సర్టిఫయింగ్ అఫీషియల్‌కు, ఫీజుల ఆఫీసుకు కలిపి ఒక మెయిల్ రాయాలి. పిల్లవాడు మేజర్, కాలేజీ అతనితోనే మాట్లాడుతుంది, మీరు ఫోన్ చేస్తే ఉపయోగం ఉండదు. ఉత్తరం కాపీ జతచేసి నాలుగు ముక్కలు చాలు: నా ట్యూషన్‌ను ఏ తేదీన వీఏకు సర్టిఫై చేశారు, 3679(ఇ) ప్రకారం లేట్ ఫీజు రద్దు చేయండి, హోల్డ్ తీసేయండి, మా నాన్నగారు కట్టిన 5,000 తిరిగి ఇవ్వండి, లేదా వీఏ డబ్బు చేరాక ఎన్ని రోజుల్లో ఇస్తారో రాసివ్వండి. మర్యాదగా రాయమనండి. ఆ సర్టిఫయింగ్ అఫీషియల్‌తో వచ్చే నాలుగేళ్ళూ పని ఉంటుంది, పైగా చాలాసార్లు లేట్ ఫీజు వేసింది ఫీజుల ఆఫీసు కంప్యూటర్, ఆయనకు తెలిసి కూడా ఉండదు.

వారంలో కదలిక లేకపోతే రెండు దారులున్నాయి. వీఏ వెబ్‌సైట్‌లో కాలేజీల మీద ఫిర్యాదు చేసే పేజీ ఉంది. టెక్సస్‌లో ఈ కోర్సులకు అనుమతి ఇచ్చే రాష్ట్ర సంస్థ టెక్సస్ వెటరన్స్ కమిషన్, అక్కడ కూడా రాయవచ్చు. ఈ సెక్షన్ పాటించని కాలేజీ కోర్సులకు జీఐ బిల్ అనుమతే పోతుంది. అందుకే కోర్టు దాకా వెళ్ళే అవసరం దాదాపు రాదు.

ఇంకో చిన్న విషయం, కానీ దీంట్లోనే చాలామంది పిల్లలు దెబ్బతింటున్నారు. ఇంకా చదువుతున్నావా అని వీఏ నెలనెలా ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. అవును అని జవాబివ్వాలి. వరుసగా రెండు నెలలు ఇవ్వకపోతే వసతి భత్యం ఆగిపోతుంది. మీ వాడి ఫోన్‌లో ఒకసారి చూడమనండి.

కోర్సు డ్రాప్ విషయంలో తొందరపడవద్దని గట్టిగా చెబుతున్నాను. కోర్సులు మార్చుకునే గడువు దాటాక, తగిన కారణం లేకుండా కోర్సు మధ్యలో మానేసి మార్కుల జాబితాలో డబ్ల్యూ (విత్‌డ్రా) తెచ్చుకుంటే, ఆ కోర్సుకు ఇచ్చినదంతా సెమిస్టర్ మొదటి రోజు నుంచి లెక్కగట్టి వీఏ వెనక్కి అడుగుతుంది. మొదటిసారి డ్రాప్ చేసినప్పుడు మాత్రం ఆరు క్రెడిట్ల వరకు కారణం అడగకుండా వదిలేస్తారు. ఈ అవకాశం ఒక్కసారే. దాన్ని వాడుకుంటే డ్రాప్ చేసిన రోజు వరకు తీసుకున్న వసతి భత్యం వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఆ రోజు నుంచి మాత్రం భత్యం తగ్గుతుంది. 12 క్రెడిట్లు తొమ్మిదైతే 80 శాతం వస్తుంది.

అసలు చిక్కు ట్యూషన్‌లో ఉంది. 2021 జనవరిలో వచ్చిన మార్పు ప్రకారం, ఎక్కువగా వెళ్ళిన ట్యూషన్‌ను వీఏ విద్యార్థి నుంచి కాకుండా కాలేజీ నుంచే రాబట్టుకుంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ కాలేజీ రిఫండ్ గడువు దాటిపోయి ఉంటే, తన లెక్కలో పూర్తి ఫీజు అలాగే ఉంచి, వీఏకు తిరిగి కట్టిన మొత్తాన్ని మీ అబ్బాయికి బిల్లు వేస్తుంది. అది వీఏ ఆలస్యం కాదు కాబట్టి పైన చెప్పిన రక్షణ అక్కడ పనిచేయదు. అందుకే డ్రాప్ బటన్ నొక్కే ముందే సర్టిఫయింగ్ అఫీషియల్‌ను కలిసి, "ఈ రోజు డ్రాప్ చేస్తే నేను ఎంత కట్టాల్సి వస్తుంది" అని అంకె అడగాలి. పాసయ్యే అవకాశం ఏమాత్రం ఉన్నా ట్యూటరింగ్ పెట్టించండి. జీఐ బిల్‌లో ట్యూటర్ ఖర్చుకు కూడా కొంత సాయం ఉంది, అదీ ఆ ఆఫీసులోనే అడగండి.

అమ్మాయి విషయం. కుదరదండీ. ఈ నెలలను భార్యకో భర్తకో, సొంత పిల్లలకో మాత్రమే బదిలీ చేయగలరు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కాదు. అదీ సర్వీసులో ఉండగానే, సాధారణంగా ఆరేళ్ళు పూర్తి చేసి మరో నాలుగేళ్ళు చేస్తానని ఒప్పుకుంటేనే. మీ వాడు బయటికి వచ్చేశాడు. కానీ 2013 జనవరి 1 తర్వాత డిశ్చార్జ్ అయినవాళ్ళకు గడువు లేదు కాబట్టి, మిగిలిన నెలలు ఎప్పటికీ అతనివే.

అతను టెక్సస్ నుంచే చేరాడని రాశారు. రేపు ఎంఎస్‌కు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలో చేరి, ఇక్కడే నివాసం ఉంటే హేజిల్‌వుడ్ చట్టం కింద 150 క్రెడిట్ గంటల వరకు ట్యూషన్ మినహాయింపు అడగవచ్చు. ఆ దరఖాస్తుకు డీడీ 214 అనే డిశ్చార్జ్ కాగితం కావాలి. ప్రైవేటు కాలేజీలో ఇది పనిచేయదు. అందుకని ఎంఎస్ సీటు ఒప్పుకునే ముందు ఆ కాగితం, మిగిలిన నెలల లెక్క ఉన్న ఉత్తరం రెండూ తీసుకుని అబ్బాయినే ఒకసారి నన్ను కలవమనండి.