లాక్‌డౌన్‌లో ప్రాథమిక బడి ఇంటి పాఠాలను, బడి పాఠాలను ఎలా సర్దుకోవాలి?

ఇంగ్లండులో 2021 జనవరి లాక్‌డౌన్‌లో అత్యవసర ఉద్యోగుల పిల్లలకు, ఇంటి దగ్గర ఇబ్బందులున్న పిల్లలకు బడులు తెరిచే ఉంచారు. మిగతావాళ్లకు ఇంటి నుంచే చదువు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. 2020 మార్చిలో అందరికీ మూసేశారు, ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి ఐదు తరగతులు 2021 ఫిబ్రవరి 1న గానీ మొదలుకాలేదు. ఆలోగా దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి.

కోనసీమ లంక గ్రామాల్లో అసలు చిక్కంతా ఫోన్ దగ్గరే. చాలా ఇళ్లలో ఒక్కటే ఉంటుంది, అదీ పొద్దున్నే నాన్న జేబులో రొయ్యల చెరువుకి వెళ్లిపోతుంది. అమ్మ గల్ఫ్‌లో ఉంటే పాఠం దగ్గర కూర్చోబెట్టేది అమ్మమ్మే. పదింటికి లైవ్ క్లాస్ పెడితే ఎవరికి అందుతుంది? రాత్రి భోజనాలయ్యాక వినేలా చిన్న ఆడియో పంపడం మేలు.

ఇంగ్లండులోలా బడిలో చోటు కొందరికే అంటే, నా మటుకు ముందు ఒకటి, రెండు తరగతులకే ఇవ్వాలి. ‘అ’ దిద్దించాలంటే పక్కన కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకోవాలి, ఆ పని ఫోన్ చెయ్యలేదు. నాలుగు, ఐదు వాళ్లు వర్క్‌షీట్లతో నెట్టుకొస్తారు. ఫోన్ లేని పిల్లలను మాత్రం ఏ తరగతైనా పిలవాల్సిందే.

టీచర్ ఒక్కరే ఉన్నచోట బడి పాఠం, ఇంటి పాఠం రెండూ ఒకే గంటలో నడపమనడం అన్యాయం. పొద్దున బడి, మధ్యాహ్నం ఇంటి దగ్గర చదివేవాళ్ల నోట్సులు దిద్దడం. అప్పట్లోలా మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీ ఇస్తే, ఆ ఇచ్చే రోజునే ఆ నోట్సులు తీసుకుంటే తల్లిదండ్రులకు మరో తిరుగుడు తప్పుతుంది.