మోనాడ్ దగ్గర చేయి ఆగిపోతే

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్సు చివరి సంవత్సరం విద్యార్థిని. మొదటి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ కోర్సులో రికర్షన్, మ్యాప్, ఫోల్డ్ బాగానే వచ్చాయి. ఈ సెమిస్టర్‌లో హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషతో అడ్వాన్స్‌డ్ కోర్సు తీసుకున్నాక మోనాడ్ (ఒక అడుగు ఫలితాన్ని తర్వాతి అడుగుకు అందిస్తూ అడుగులను కలిపే పద్ధతి) దగ్గర ఆగిపోయాను. అది డబ్బాలాంటిదని ఒకరు, పైపులాంటిదని మరొకరు రాసినవి చదివాను. చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, అసైన్‌మెంట్ ముందు కూర్చుంటే చేయి కదలదు. ముందుగా మోనాడ్‌కు మూలమైన గణితశాఖ, కేటగిరీ థియరీ చదవాలా?

జవాబు: కేటగిరీ థియరీ మంచి శాస్త్రమే కానీ, మీ ఇబ్బందికి మందు అక్కడ లేదు. యూజీనియో మోగ్గీ 1989లో ప్రోగ్రాముల అర్థాన్ని గణితరీత్యా వివరించడానికి మోనాడ్‌ను వాడారు. దాన్ని ప్రోగ్రాములు రాసే పద్ధతిగా మలిచినవారు ఫిలిప్ వాడ్లర్. 1990లో వెలువడిన మొదటి హాస్కెల్ నిర్వచనంలో ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు మోనాడ్ లేదు. స్ట్రీములు, కంటిన్యుయేషన్లు అనే వేరే పద్ధతులతో నెట్టుకొచ్చి, 1996లో వచ్చిన 1.3 నిర్వచనంలో గానీ దాన్ని చేర్చలేదు. అంటే భాషను రూపొందించినవారికి ముందు ఇబ్బంది ఎదురైంది, పరిష్కారం తర్వాత దొరికింది. మీకు మాత్రం ఇబ్బంది తెలియకముందే పరిష్కారాన్ని చేతిలో పెట్టారు. పోలికలు ఎన్ని చదివినా పట్టు చిక్కకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

కాబట్టి మోనాడ్ అనే మాటను ఒక వారం పక్కన పెట్టి, కూడికలూ తీసివేతలూ ఉన్న లెక్కను చదివే పార్సర్‌ను లైబ్రరీ ఏదీ లేకుండా రాయండి. పార్సర్ అంటే ఇక్కడ ఒక ఫంక్షన్ మాత్రమే: స్ట్రింగ్‌ను తీసుకుంటుంది, కుదిరితే విలువనూ మిగిలిన స్ట్రింగ్‌నూ కలిపి ఇస్తుంది, కుదరకపోతే నథింగ్ (ఫలితం లేదని చెప్పే హాస్కెల్ విలువ) ఇస్తుంది. "12+34" ఇచ్చారనుకోండి. మొదటి అడుగులో 12 వచ్చి "+34" మిగులుతుంది. దానికి మిగులు1 అని పేరు పెడతారు. రెండో అడుగులో కూడిక గుర్తు పోయి "34" మిగులుతుంది, అది మిగులు2. ప్రతి అడుగులోనూ నథింగ్ వచ్చిందా అని ఒక కేస్ (విలువను బట్టి దారి ఎంచుకునే కోడ్) రాయాలి, దానిలోపల ఇంకో కేస్, కోడ్ కుడివైపుకు జరిగిపోతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట మిగులు2 ఇవ్వవలసిన చోట మిగులు1 ఇస్తారు. రెండూ స్ట్రింగులే కనుక కంపైలర్ నోరు మెదపదు. ఆ తప్పును ఒక సాయంత్రమంతా వెతికినవారికి, ఈ మిగులును అందించే పనిని ఒకే ఒక్క ఫంక్షన్‌కు అప్పగించాలని తనంతట తానే తోస్తుంది. ఒక పార్సర్‌నూ, దాని ఫలితాన్ని బట్టి తర్వాతి పార్సర్‌ను ఇచ్చే ఫంక్షన్‌నూ తీసుకుని, రెండింటినీ కలిపి ఒకే పార్సర్‌గా తిరిగి ఇచ్చే ఆ ఫంక్షన్‌ను మీరే రాసి, దాని టైపును, మోనాడ్‌లో అడుగులను కలిపే ఫంక్షన్ అయిన బైండ్ టైపుతో పోల్చి చూడండి. రెండూ ఒకటే.

పార్సర్ పనిచేయగానే క్విక్‌చెక్‌తో పరీక్షించండి. కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2000లో పరిచయం చేసిన ఈ సాధనానికి ఉదాహరణలకు బదులు ఒక నియమం చెబుతాం. అది యాదృచ్ఛికంగా, మామూలుగా 100 ఉదాహరణలను పుట్టించి ఆ నియమాన్ని పరీక్షిస్తుంది. లెక్కల చెట్టును (ఏ లెక్క దేనిలో భాగమో చూపే డేటాను) స్ట్రింగ్‌గా అచ్చువేసి మళ్లీ చదివితే అదే చెట్టు రావాలన్నది మీ నియమం. తొలి ప్రయత్నంలో చాలామంది పార్సర్ "10-3-2"ను కుడివైపు నుంచి కట్టి, 5 రావలసిన చోట 9 ఇస్తుంది. చేత్తో రాసిన రెండు మూడు పరీక్షలకు దొరకని ఇలాంటి తప్పును ఈ నియమం తరచుగా పట్టిస్తుంది.

ఒక మోనాడ్ మీద ఇంకోదాన్ని పొరగా చేర్చే మోనాడ్ ట్రాన్స్‌ఫార్మర్లను ఇదంతా అయ్యాకే ముట్టుకోండి. అక్కడ తికమక పెట్టేది పొరల వరుస. స్టేట్ (మిగిలిన స్ట్రింగ్ లాంటి మారే విలువను మోసేది) ట్రాన్స్‌ఫార్మర్‌ను మేబీ (విలువనో నథింగ్‌నో ఇచ్చేది) మీద పెడితే, ఒక దారి విఫలమైనప్పుడు రెండో దారి మొదటి స్ట్రింగ్‌తోనే మొదలవుతుంది. మేబీ ట్రాన్స్‌ఫార్మర్‌ను స్టేట్ మీద పెడితే, విఫలమయ్యేలోగా తినేసిన అక్షరాలు తిరిగి రావు. వరుసలను బట్టీ పట్టవద్దు. రెండు టైపులనూ విప్పి కాగితం మీద పక్కపక్కన రాయండి: మొదటిదానిలో స్టేట్ మేబీ లోపల ఉంటుంది కనుక నథింగ్‌తోపాటే పోతుంది, రెండోదానిలో స్టేట్ మేబీకి బయట ఉంటుంది కనుక మిగిలిపోతుంది.