పద్మినికి ఓబీడీ స్కానర్ ఎక్కడ పెట్టాలి?

ఈ వారం వచ్చిన సందేహాల్లో మూడు పాత కార్ల గురించే. ఫోన్లు, ల్యాప్‌టాపుల వాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా తాతగారి 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. కావలి నుంచి నెల్లూరు బయల్దేరితే మాత్రం కోవూరు దగ్గరికొచ్చేసరికి రెండు జెర్కులిచ్చి ఆగిపోతుంది. అరగంట నీడన పెడితే మళ్లీ మామూలే. పాయింట్లు, ప్లగ్గులు, పెట్రోలు పంపు మార్చాం. కిందటేడు కాయిల్ కూడా కొత్తదే వేయించాం. మా బావ చెప్పాడని బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను. దాన్ని పెట్టే సాకెట్టే కనపడటం లేదు. (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: కనపడదండీ, అసలు లేదు కాబట్టి. స్కానర్ తనంతట తాను కారును పరీక్షించదు. కారులోని కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న తప్పుల కోడ్‌లను చదివి మన ఫోన్‌లో చూపిస్తుందంతే. మన దేశంలో కార్లకు ఓబీడీ 2, అంటే కారు తన తప్పులను తానే పట్టుకునే ఏర్పాటు, తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్‌లో. మీ బండిలో కంప్యూటరే లేదు. డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే పాయింట్లనే చిన్న స్విచ్ కరెంటు తెంచినప్పుడల్లా కాయిల్ వేల వోల్టులు పుట్టిస్తుంది, డిస్ట్రిబ్యూటర్ వాటిని ప్లగ్గులకు వంతులవారీగా పంచుతుంది. వీలైతే స్కానర్ వాపసు ఇచ్చేసి ఒక మల్టీమీటరు, 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు తెచ్చుకోండి. ఒక కొత్త ప్లగ్గు, ఒక కొత్త కండెన్సరు (పాయింట్లు మాడకుండా కాపాడే చిన్న డబ్బా) కూడా డిక్కీలో ఉండాలి.

ఇంతవరకూ సామాన్లన్నీ మార్చారు గానీ, బండి ఆగిన నిమిషంలో ఎవరూ దేన్నీ పరీక్షించినట్టు లేదు. వేడెక్కితే వచ్చే జబ్బు షెడ్డుకు చేరేలోపు చల్లారిపోతుంది. అక్కడ మెకానిక్‌కు అన్నీ బాగానే కనపడతాయి, ఆయన తప్పేం లేదు. కాబట్టి పరీక్ష కోవూరు రోడ్డు పక్కనే జరగాలి. బండిని బాగా పక్కకు తీసి ఆపండి.

ఒక ప్లగ్గు వైరు ఊడదీసి కొత్త ప్లగ్గుకు తగిలించండి. ప్లగ్గు లోహపు భాగాన్ని ఇంజిన్‌కు గట్టిగా ఆనేలా వైరుతో కట్టి, పక్కనున్న వాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. చేత్తో పట్టుకోవద్దు, ఆ వైరులో వచ్చేవి వేల వోల్టులు. దగ్గర్లో పెట్రోలు కారుతుంటే ఈ పరీక్షే వద్దు. నీలంగా, చిటచిటమంటూ స్పార్క్ వస్తే ఇగ్నిషన్‌ను, అంటే స్పార్క్ పుట్టించే భాగాలను వదిలేసి పెట్రోలు లైను చూడండి. మన ఎండలకు పంపులో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టినా ఇవే లక్షణాలు.

స్పార్క్ లేకపోతేనో, పసుపుపచ్చగా నీరసంగా వస్తేనో టెస్ట్ ల్యాంపు తీయండి. ఒక వైరు బాడీ ఎర్త్‌కు, రెండోది కాయిల్ మీద తాళం వైపు నుంచి కరెంటు వచ్చే టెర్మినల్‌కు. తాళం తిప్పినా బల్బు వెలగకపోతే తప్పు తాళం స్విచ్‌లోనో వైరింగులోనో ఉంది. వెలిగితే రెండో వైరును డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కు మార్చి సెల్ఫ్ కొట్టించండి. పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే బల్బు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు ఆనడం లేదు, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న వైరు తెగింది. ఈ వైరును ఎవరూ అనుమానించరు. ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ ప్లేటు కదిలినప్పుడల్లా అది కూడా వంగుతుంది. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. బల్బు అసలు వెలగకపోతే పాయింట్లు తెరుచుకోకపోతూ ఉండొచ్చు, కాయిల్ ప్రైమరీ (12 వోల్టులు అందే చుట్టు) తెగి ఉండొచ్చు, లేదా కండెన్సరు ఎర్త్‌కు షార్టయి ఉండొచ్చు.

బల్బు వెలిగి ఆరుతోంది, స్పార్క్ మాత్రం లేదు అంటే కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరును క్యాప్ (డిస్ట్రిబ్యూటర్ మూత) లోంచి తీసి దాని చివర అదే ప్లగ్గు పరీక్ష చేయండి. అక్కడ స్పార్క్ ఉంటే క్యాప్ కింద తిరిగే రోటరో, క్యాపో చూడాలి. లేకపోతే కాయిల్ లేదా కండెన్సరు. కొత్త కండెన్సరు వైరును కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు తగిలించి, దాని ఒంటిని ఎర్త్‌కు ఆనించండి. స్పార్క్ బలంగా మారితే పాతది తీసి పారేయవచ్చు.

నా అనుమానం మాత్రం ఆ కొత్త కాయిల్ మీదే. షాపుల్లో రెండు రకాలు దొరుకుతాయి, చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం) వాడాల్సిన కాయిల్ ప్రైమరీ సుమారు 1.5 ఓమ్‌లు, అది అక్కర్లేనిది సుమారు 3 ఓమ్‌లు. బ్యాలస్ట్ లేని బండికి మొదటి రకం బిగిస్తే పాయింట్లు మూసుకున్నప్పుడల్లా 4 ఆంపియర్లకు బదులు 8 పారతాయి. పాయింట్లు మాడతాయి, కాయిల్ కాలిపోయేంత వేడెక్కుతుంది. పద్మినిలో మామూలుగా బ్యాలస్ట్ ఉండదు. వైర్లు ఊడదీసి రెండు చిన్న టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టండి. ముందు మీటరు మొనలు రెండూ కలిపి ఎంత చూపిస్తుందో చూసి దాన్ని తీసేయండి, చవక మీటర్లలో అదే అర ఓమ్ దాకా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఆగిపోయిన వెంటనే ఒకసారి కొలవండి. వేడి మీద కొంచెం పెరగడం మామూలే. లెక్కకు అందనంత పెరిగితే లోపల తీగ తెగిందన్నమాట. అయితే ప్రైమరీ సరిగ్గా ఉన్నా వేడికి సెకండరీ (వేల వోల్టులు పుట్టే) చుట్లలో ఇన్సులేషన్ దెబ్బతినవచ్చు. అప్పుడు కాయిల్ మీద తడిగుడ్డ చుట్టి చూడండి. పంపు మీద మాత్రం వేయొద్దు, రెండూ ఒకేసారి చల్లారిస్తే దోషం ఎవరిదో తేలదు.

ప్రశ్న: అంబాసిడర్‌కు టైమింగ్ (స్పార్క్ రావాల్సిన క్షణం) పెట్టడానికి ఫోన్ ఫ్లాష్‌తో పనిచేసే స్ట్రోబ్ యాప్ చాలదా? (ఒంగోలు నుంచి)

జవాబు: చాలదు. ఇంజిన్ 900 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే క్రాంక్ సెకనుకు 15 చుట్లు తిరుగుతుంది. ఫ్లాష్ కూడా సెకనుకు 15 సార్లు వెలిగితే పుల్లీ మీద గుర్తు నిలబడినట్టే కనిపిస్తుంది. చూసి సంబరపడకండి. స్పార్క్ ఎప్పుడొచ్చిందో ఫోన్‌కు తెలియదు కాబట్టి గుర్తు ఎక్కడైనా నిలబడొచ్చు. అసలు టైమింగ్ లైటు ఒకటో ప్లగ్గు వైరుకు క్లిప్పు తగిలించుకుని, ఆ స్పార్క్‌తోనే వెలుగుతుంది. అది లేకపోయినా ఫర్వాలేదు. తాళం ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ వైపు కాయిల్ టెర్మినల్‌కు, ఎర్త్‌కు మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి క్రాంక్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం, అంటే స్పార్క్ వచ్చే క్షణం.

ప్రశ్న: మా కారు వానాకాలం పొద్దున్నే స్టార్ట్ కాదు, ఎండెక్కితే అవుతుంది. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించమంటారా? (కొత్తపట్నం నుంచి)

జవాబు: ఇప్పుడే వద్దు. సముద్రపు ఉప్పుగాలిలో ఉండే బండి మీది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడిపించి చూడండి. క్యాప్ మీదా, వైర్ల వెంటా నీలం మెరుపులు పాకుతుంటే కరెంటు ప్లగ్గుల దాకా పోకుండా దారిలోనే ఎర్త్ అవుతోంది. క్యాప్ లోపల పెన్సిల్ గీతలాంటి నల్లటి చారలుంటే దాన్ని తుడవడం దండగ, కొత్తది వేయండి. ప్లగ్గు వైర్లూ అలాగే. కిట్ ఆ తర్వాత కావాలంటే పెట్టుకోండి, మీ కాయిల్ ఎన్ని ఓమ్‌లో కొలుచుకుని దానికి సరిపడేదే కొనండి. బిగించాక ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లోనే ఉంచి పాటలు వినడం మాత్రం మానుకోవాలి, కొన్ని రకాల మాడ్యూళ్లు అలాగే కాలిపోతాయి. తీసిన పాయింట్ల ప్లేటును డ్యాష్‌బోర్డు అరలో దాచుకోండి. మాడ్యూల్ దారిలో పోతే బాగుచేసేవాళ్లు దొరకరు, పాయింట్లు మాత్రం స్క్రూడ్రైవరు ఉన్నవాళ్లెవరైనా బిగిస్తారు.